దేశం, కాలం, పాత్ర: విశాఖలో మీ విరాళం ఎక్కడికి వెళ్లాలి?

మా నాన్నగారి ఆబ్దికానికి ఏటా ఒక పిల్లల ఆశ్రమంలో భోజనాలు పెట్టించడం మా ఇంటి ఆనవాయితీ. ఆరేళ్ల కిందట ఆ తిథి ఆదివారం పడింది. మేము బూరెలు, పులిహోర పట్టుకుని వెళ్లేసరికి పిల్లలు ఎవరిదో పుట్టినరోజు కేకు తిని ఉన్నారు. సాయంత్రానికి ఇంకొకరు బిర్యానీ తెస్తున్నారని తెలిసింది. ఆరేళ్ల పిల్లవాడొకడు బూరె చేతిలో పట్టుకుని, తినలేక, పారేయలేక నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

బయలుదేరేటప్పుడు అక్కడి వార్డెన్ గారిని అడిగాను, మీకు నిజంగా దేనికి ఇబ్బందిగా ఉందండీ అని. ఆవిడ తడుముకోకుండా చెప్పారు: "మంగళవారం మధ్యాహ్నం భోజనానికి, రాత్రిపూట పిల్లల దగ్గర పడుకునే ఆయా జీతానికి. ఆదివారాలు, జనవరి ఒకటో తేదీ ఎప్పుడో నిండిపోతాయి. ఆయా జీతానికి మాత్రం ఎవరూ పేరు రాయించుకోరమ్మా."

గాజువాకలో ఒక బ్యాంకు శాఖలో ఏళ్ల తరబడి రుణ దరఖాస్తులు చూసిన దాన్ని. రెండు లక్షల అప్పు ఇవ్వడానికి ఇరవై ప్రశ్నలు వేసే నేను, అన్నేళ్లుగా ఇచ్చిన దానానికి ఒక్క ప్రశ్న కూడా వేయలేదని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి అడుగుతున్నాను, చదువుతున్నాను, చూసి వస్తున్నాను. విశాఖలో ఉంటూ నెలకు అయిదు వందలో అయిదు వేలో ఇవ్వాలనుకునేవారికి ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను.

దానానికి లెక్కలు చూడటం మన పద్ధతి కాదని కొందరు అంటారు. భగవద్గీత పదిహేడో అధ్యాయం చూడండి. తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగిన పాత్రకు ఇచ్చేదే సాత్త్విక దానమని ఉంది: "దేశే కాలే చ పాత్రే చ". మరో పాత శ్లోకం ఇంకా ముందుకు వెళ్లి రెండు దానాలను పక్కపక్కన పెట్టి తూచింది. అన్నదానం గొప్పదే, విద్యాదానం అంతకన్నా గొప్పది. అన్నంతో తృప్తి క్షణకాలం, విద్యతో జీవితకాలం. ఏది ఎంతకాలం నిలుస్తుందని అడిగి పోల్చడం మన పెద్దలకు కొత్త కాదు. అపాత్రదానం అన్న మాట కూడా మన నోళ్లలో ఉన్నదే.

ఒక్క ముఖం, వెయ్యి ముఖాలు

ఎంచుకోవడానికి ముందు మన మనసు ఎటు మొగ్గుతుందో తెలియాలి. 2007లో స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటుంది. పాల్గొన్నవారి చేతికి అయిదు డాలర్లు ఇచ్చి, అందులోంచి ఇష్టమైనంత విరాళం ఇవ్వమన్నారు. కొందరికి ఆఫ్రికాలో ఆకలితో ఉన్న లక్షల మంది గురించిన అంకెలు చూపించారు. వారు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. కొందరికి మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పాప ఫొటో, కథ చూపించారు, వారు 2.38 డాలర్లు ఇచ్చారు. ఆశ్చర్యం మూడో గుంపు దగ్గర ఉంది. వారికి పాప కథతో పాటు అంకెలు కూడా చూపిస్తే సగటు 1.43కి పడిపోయింది. అంకెలు కనబడగానే పాప మీద జాలి కూడా పలచబడింది.

మరో అధ్యయనంలో ఒక బిడ్డ వైద్యానికి, ఎనిమిది మంది బిడ్డల వైద్యానికి ఒకే మొత్తం కావాలని చెప్పి అడిగారు. ఒక్క బిడ్డకే ఎక్కువ ఇచ్చారు. 1990ల ఆరంభంలో చమురు గుంటల్లో పడి చనిపోయే పక్షులను వలలు కట్టి కాపాడటానికి ఎంత ఇస్తారని అడిగితే, రెండు వేల పక్షులకు 80 డాలర్లు, ఇరవై వేలకు 78, రెండు లక్షలకు 88 అన్నారు. పక్షులు వందరెట్లు పెరిగినా చేయి జేబులోకి అదే లోతుకు వెళ్లింది.

మన ఊళ్లో ఇది ఎలా ఉంటుందో హుద్‌హుద్ తుపాను చూపించింది. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటిన తర్వాత వారం పది రోజులు నీళ్ల ప్యాకెట్లు, రొట్టెలు, పాలు, కొవ్వొత్తులు అన్ని వైపుల నుంచి వచ్చాయి. విరిగిన చెట్ల ఫొటోలు పత్రికల్లో ఆగిపోయాక సాయమూ పలచబడింది. పడవ, వల పోయిన కుటుంబానికి అసలు కష్టం అప్పుడే మొదలైంది. రొట్టె ప్యాకెట్టు ఇచ్చినంత సులువుగా వల కొనివ్వడానికి ఎవరికీ మనసు కదలదు. వల ఫొటోలో ఏడవదు కదా.

ఇంకొక్క పరిశోధన చెప్పి ఎంపికల్లోకి వస్తాను, ఎందుకంటే నా నిర్ణయమంతా దాని మీదే నిలబడింది. 2008లో డన్, ఆక్నిన్, నార్టన్ అనే పరిశోధకులు కొందరికి ఉదయం ఒక కవరిచ్చి, అందులోని డబ్బు సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. కొందరు తమకోసం, కొందరు ఇతరులకోసం. ఇతరులకు ఖర్చు చేసినవారే సాయంత్రం ఎక్కువ ఆనందంగా ఉన్నారు. కవరులో ఉన్నది అయిదు డాలర్లా ఇరవయ్యా అన్నది ఆ ఆనందంలో తేడా తేలేదు. దాన్నుంచి నేను తీసుకున్నది ఇది: మనసుకు కావలసిన తృప్తి చిన్న మొత్తంతోనే దొరుకుతుంది. కనుక చిన్న వాటా మనసు అడిగిన చోట ఇచ్చేయండి. పెద్ద వాటాను ఫొటోలేవీ ఎదురుగా లేని రోజున, కాగితం మీద లెక్క వేసి పంపండి. సింహాచలం మెట్ల మీద వేసే చిల్లర, గిరిప్రదక్షిణ దారిలో పంచే మజ్జిగ మొదటి రకం. వాటిని నేను మానలేదు, విరాళం లెక్కలో కలపడం మాత్రం మానేశాను.

భోజనమా, చూపా?

విశాఖలో ఎక్కువమంది ఇచ్చేది అన్నదానానికే. ఆలయ నిత్యాన్నదానం, ఆశ్రమంలో ఒక పూట భోజనం, అన్న క్యాంటీన్లకు విరాళం. ఆకలిగా ఉన్నవారికి భోజనం పెట్టడాన్ని మించిన పని లేదు. అయితే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నేను ఇవ్వకపోతే ఆ పూట అక్కడ భోజనం ఆగేదా? పెద్ద ఆలయంలో ఆగదు. అయిదు రూపాయల క్యాంటీన్ వెనుక ప్రభుత్వ నిధులున్నాయి. ఆశ్రమంలో ఆదివారం ఆగదు, మంగళవారం ఆగవచ్చు. ఒకే సంస్థ, ఒకే మొత్తం. వారంలో రోజు మారితే ఫలితం మారిపోతుంది.

ఇప్పుడు దాని పక్కన కంటి శుక్లం ఆపరేషన్‌ను పెట్టండి. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చడం అనుభవమున్న వైద్యులకు అరగంట కూడా పట్టని పని. కొద్ది రోజుల్లో చూపు వస్తుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. పైగా చూపు వచ్చేది ఒకరికైనా విడుదలయ్యేది ఇద్దరు. చూపు లేని తాతను పట్టుకుని నడిపించడానికి బడి మానేసిన మనవరాలు మన పల్లెల్లో ఉంటుంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ప్రాంగణం ఉంది. పేదలకు ఉచిత వైద్యం ఆ సంస్థ మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. శంకర్ ఫౌండేషన్ కంటి ఆస్పత్రి కూడా పేదలకు ఉచితంగా శుక్లం ఆపరేషన్లు చేస్తోంది. ఒక పూట యాభై మందికి భోజనం పెట్టే ఖర్చుతో ఎన్ని ఆపరేషన్లకు సాయం అవుతుందో ఫోను చేసి అడగండి. అంధత్వ నివారణకు 1976 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, స్వచ్ఛంద ఆస్పత్రులకు ప్రభుత్వం కొంత చెల్లిస్తుంది. కాబట్టి "ప్రభుత్వం ఇచ్చేది పోగా మీకు తగ్గుతున్నది ఎంత, దేనికి తగ్గుతోంది?" అని కూడా అడగండి. మారుమూల పల్లెల నుంచి రోగులను తీసుకొచ్చే వ్యాను డీజిలుకు తగ్గుతోందని చెబితే, ఆ డీజిలుకే ఇవ్వండి.

రెండిట్లో ఒకటే ఎంచుకోవలసి వస్తే నేను చూపునే ఎంచుకుంటాను.

వాట్సాప్‌లో వచ్చిన బిడ్డ ఫొటో

ఇది అందరికీ గుండె పిండే సందర్భం. ఐసీయూలో బిడ్డ, కింద బ్యాంకు ఖాతా నంబరు, ఇరవై నాలుగు గంటల గడువు. రోకియా ప్రయోగం మన ఫోనులోనే జరుగుతోందన్నమాట. అందులో చాలావరకు నిజమైన కష్టాలే ఉంటాయి. కొన్ని పాత ఫొటోలు, ఏళ్లుగా తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి మా కాలనీ గుంపులో అందరం డబ్బు వేశాక, ఆ ఫొటో వేరే రాష్ట్రంలో మూడేళ్ల కిందటిదని తేలింది. దాని ఫలితం ఏమిటంటే, తర్వాతి నెలలో నిజంగా అవసరమున్న కుటుంబానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆ మోసంలో పోయిన వెయ్యి రూపాయలకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇలాంటి విజ్ఞప్తి వస్తే ఆస్పత్రి ఇచ్చిన అంచనా పత్రం అడగండి. ఆ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కిందకు వస్తుందో లేదో వారికి తెలుసా అని అడగండి. చాలా కుటుంబాలకు తెల్లకార్డు పట్టుకుని ఎవరిని కలవాలో తెలియదు, ఆ దారి చూపడమే లక్ష రూపాయల సాయం కావచ్చు. ఇవ్వదలిస్తే రోగి పేరు మీద నేరుగా ఆస్పత్రికే చెల్లించండి.

దీనికి ప్రత్యామ్నాయం ఆస్పత్రుల పేద రోగుల సహాయ నిధి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ కేంద్రం ఆధ్వర్యంలో నడుస్తోంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. ఇలాంటి చోట ఎవరికి ఎంత అవసరమో రోజూ చూసే సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారి చేతుల్లో నిధి ఉంటే ఫొటో బాగా రాని రోగికి కూడా సాయం అందుతుంది. వాట్సాప్‌లో ముద్దుగా ఉన్న బిడ్డకు అవసరానికి మించి వస్తుంది, యాభై ఏళ్ల హమాలీకి ఏమీ రాదు. ఆ హమాలీ కోసమైనా నిధికి ఇవ్వడమే మేలంటాను.

బట్టలా, డబ్బా?

దీని మీద ఎక్కువ చెప్పను. విపత్తులప్పుడు డబ్బే పంపండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి లారీల్లో చేరిన పాత బట్టలు ఎవరూ తీసుకోక రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. వాటిని ఏరడానికి, తరలించడానికి మళ్లీ మనుషులు, డబ్బు కావలసి వచ్చింది. మన బీరువా ఖాళీ చేసుకోవడానికి, ఒకరి అవసరం తీర్చడానికి తేడా ఉంది. ఇంకొక మాట, విపత్తు నిధికి కేటాయించిన దానిలో సగం మూడో నెలకు అట్టే పెట్టండి. పడవలు, వలలు, బడి పుస్తకాల వంతు అప్పుడు వస్తుంది.

జీతాల ఖర్చు ఎక్కువైతే చెడ్డ సంస్థా?

"మీ వంద రూపాయల్లో తొంభై అయిదు నేరుగా పేదలకే" అని రాసుకున్న సంస్థను చూడగానే మనకు నమ్మకం కలుగుతుంది. నాకూ కలిగేది. అప్పుల లెక్కలు చూసిన అనుభవంతో చెబుతున్నాను, నిర్వహణ ఖర్చు శాతం ఒక్కదానితో సంస్థ గుణం తెలియదు. రాత్రి ఆయా జీతం నిర్వహణ ఖర్చే. ఆడిటరు ఫీజు, కంప్యూటర్, సిబ్బంది శిక్షణ నిర్వహణ ఖర్చులే. వాటిని కోసేసిన ఆశ్రమం కాగితం మీద మెరుస్తుంది, పిల్లల దగ్గర రాత్రి ఎవరూ ఉండరు.

2014లో గ్నీజీ అనే పరిశోధకుడి బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో నలభై వేల మందికి విరాళం కోరుతూ ఉత్తరాలు వెళ్లాయి. "ఒక పెద్ద దాత నిర్వహణ ఖర్చంతా భరించారు, మీరిచ్చేదంతా కార్యక్రమానికే" అన్న ఉత్తరానికి, మామూలు ఉత్తరంతో పోలిస్తే దాదాపు మూడు రెట్ల డబ్బు వచ్చింది. అందరూ వద్దనుకునే ఖర్చును ఒకరు మోస్తే మిగతావారి చేతులు తెరుచుకుంటాయన్నమాట. ఆ ఒకరు మనమే కావచ్చు.

శాతం బదులు ఫలితం అడగండి. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా గ్రామాల్లో ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లోల బృందం చేసిన అధ్యయనం (2010) నాకు బాగా నచ్చుతుంది. మామూలు గ్రామాల్లో పూర్తి టీకాలు అందిన పిల్లలు 6 శాతం. నమ్మకంగా నెలనెలా టీకా శిబిరం పెట్టిన గ్రామాల్లో 18 శాతం. శిబిరానికి తోడు, వచ్చిన తల్లికి కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే స్టీలు పళ్లేలు ఇచ్చిన చోట 39 శాతం. పప్పు ఇవ్వడం వృథా ఖర్చని ఎవరైనా అనుకుంటారు. కానీ తల్లులు ఎక్కువగా రావడంతో శిబిరం నడిపే ఖర్చు ఎక్కువమందికి పంచుకుపోయి, ఒక్కో బిడ్డకు పడిన మొత్తం ఖర్చు తగ్గింది. శాతాలు చూసే దాత ఆ పప్పును కొట్టేసేవాడు. బెనర్జీ, డఫ్లోలకు క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది ఇలా కొలిచి చూసే పద్ధతికే.

మన దగ్గరి సంస్థకు ఫోను చేసినప్పుడు నేను అడిగేది ఇది: "కిందటి ఏడాది మీరు చేసి చూసి, పని చేయలేదని మానేసిన కార్యక్రమం ఏదైనా ఉందా?" ఉందని వివరంగా చెప్పిన సంస్థలు రెండే దొరికాయి. ఆ రెండిటినీ వదల్లేదు. అంతా బ్రహ్మాండంగా ఉందన్నవారికి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

నగరమా, మన్యమా, సముద్రం అవతలా?

పాడేరు కేంద్రంగా 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అక్కడి కొండ గ్రామాల్లో మలేరియా, సికిల్ సెల్ రక్తహీనత, డోలీ మోతలు మనం పత్రికల్లో చదివేవే. దాతలు మాత్రం కారులో అరగంటలో చేరగలిగే ఆశ్రమాలకే వెళతారు. కనుక ఒకే వెయ్యి రూపాయలకు మన్యంలో లోటు ఎక్కువ, పోటీ తక్కువ. అయితే అక్కడ కూడా ప్రభుత్వం చేస్తున్న పనికి మళ్లీ ఇవ్వకుండా చూసుకోవాలి. నులిపురుగుల మాత్రలు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏటా ఉచితంగానే వేస్తున్నారు, దోమతెరలు కూడా ప్రభుత్వం పంచుతుంది. మాత్రలు కొనిచ్చేకన్నా, గర్భిణిని నెలలు నిండకముందే ఆస్పత్రి దగ్గరికి చేర్చి ఉంచే ఏర్పాటుకు సాయపడటం మేలు.

అమెరికాలో 2007లో మొదలైన గివ్‌వెల్ అనే సంస్థ ప్రపంచంలో ఎక్కడ ఇస్తే ఒక ప్రాణం అతి తక్కువ ఖర్చుతో నిలుస్తుందో ఏళ్లుగా లెక్కిస్తోంది. దోమతెరలు, మలేరియా మందులు, విటమిన్ ఏ, ఉత్తర నైజీరియాలో బిడ్డకు టీకా వేయించిన తల్లికి చిన్న నగదు సాయం, ఇవీ దాని ఎంపికలు. ఆ నగదు సాయం ఉదయపూర్ కిలో పప్పుకు దగ్గరి బంధువు. ఒక ప్రాణానికి అయ్యే ఖర్చు వారి అంచనాల్లో కొన్ని వేల డాలర్లు ఉంటుంది. నైజీరియా బిడ్డ, మన మన్యంలోని ముంచంగిపుట్టు బిడ్డ నాకు సమానమే. అయినా నేను ఇక్కడే ఇస్తాను, వెళ్లి చూడగలను, ప్రశ్నించగలను కనుక. విదేశంలో సంపాదిస్తున్న మా బంధువుల పిల్లలకు మాత్రం ఆ జాబితా చూడమనే చెబుతాను.

పన్ను సంగతి

విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే, 80జి అని పిలిచే మినహాయింపు చూసి సంస్థను ఎంచుకోవద్దు. చాలామంది వెయ్యి ఇస్తే అయిదు వందలు తిరిగి వస్తాయనుకుంటారు. యాభై శాతం మినహాయింపు అంటే మీ ఆదాయంలోంచి అయిదు వందలు తగ్గించి పన్ను వేస్తారు. ఇరవై శాతం పన్ను పరిధిలో ఉంటే మిగిలేది సుమారు వంద రూపాయలు. అదీ పాత పన్ను విధానంలోనే. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే వర్తించదు. బియ్యం, బట్టలు ఇస్తే అసలే వర్తించదు. సంస్థ పన్ను మినహాయింపుకు కావలసిన విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆడిట్ లెక్కలు అడిగితే చూపించాలి. ఈ కాగితాలుంటే సంస్థ నిజంగా ఉందని తెలుస్తుంది, మంచి పని చేస్తోందని తెలియదు.

డబ్బు లేనప్పుడు

రక్తం ఇవ్వండి, కానీ తేదీ చూసి ఇవ్వండి. నాయకుల, కథానాయకుల పుట్టినరోజున వందల మంది ఒకేసారి ఇస్తారు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలుస్తాయి, ఎర్ర రక్తకణాలు అయిదారు వారాలు. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, వారికి పుట్టినరోజుల క్యాలెండరుతో పని లేదు. కళాశాలలకు సెలవులిచ్చే మే నెలలో శిబిరాలు తగ్గిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. రక్తనిధికి ముందే ఫోను చేసి, మీ గ్రూపు చెప్పి, ఏ వారంలో రమ్మంటారని అడగండి.

నా సొంత పంపకం చెబుతాను. నెలకు మూడు వేలు, జీతం పడిన రోజే బ్యాంకు నుంచి దానంతటదే వెళ్లిపోతుంది. పదిహేను వందలు ఆశ్రమానికి, వెయ్యి కంటి ఆస్పత్రికి. మిగిలిన అయిదు వందలు విడిగా ఉంచి, మనసు ఆగని రోజున ఎవరికైనా ఇస్తాను. ప్రతి ఉగాదికి ఈ పంపకాన్ని ఒకసారి తిరిగి చూస్తాను.

నాన్నగారి ఆబ్దికానికి ఇప్పటికీ ఆశ్రమానికి వెళ్తాం. తిథి ఆదివారం పడితే డబ్బు మాత్రం పంపి, ఆ వారంలో ఖాళీగా ఉన్న రోజున వెళ్లి పిల్లలతో కూర్చుని పప్పు, వంకాయ కూర, పెరుగన్నం తిని వస్తాం. రసీదు పుస్తకంలో 'ప్రయోజనం' అని ఒక గడి ఉంటుంది. వార్డెన్ గారు ఇప్పుడు నన్ను అడగకుండానే అందులో "ఆయా జీతం" అని రాస్తున్నారు.